ఖరగ్‌పూర్ మలంచా నుంచి తెలుగు నగరాలకు విమాన దూరం, ప్రయాణ సమయం

పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే పట్టణం ఖరగ్‌పూర్‌లో, మలంచా వంటి పేటలలో, తెలుగు కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్నాయి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి పనికి వచ్చి స్థిరపడినవారి సంతతి వీరిలో అనేకులు. స్వస్థలం నుంచి అత్యవసర కబురు అందినప్పుడు విమానమా, రైలా అన్నది వారికి తరచు ఎదురయ్యే ప్రశ్న. దీనికి సమాధానం గమ్యాన్ని బట్టి మారుతుంది.

ఖరగ్‌పూర్ నుంచి విశాఖపట్నానికి సరళరేఖలో దూరం సుమారు 670 కిలోమీటర్లు. రైలుమార్గంలో సుమారు 765. అయితే ఖరగ్‌పూర్‌లో పౌర విమానాశ్రయం లేదు. సమీపంలోని కలైకుండ వాయుసేన స్థావరం. అందువల్ల ప్రయాణికులు ముందుగా కోల్‌కతాలోని నేతాజీ సుభాష్ చంద్రబోస్ విమానాశ్రయానికి చేరాలి. అంటే నైరుతి దిక్కున ఉన్న ఊరికి వెళ్లేందుకు ఈశాన్యంగా సుమారు 140 కిలోమీటర్లు రోడ్డు ప్రయాణం చేయాలి.

కోల్‌కతా నుంచి విశాఖకు విమాన దూరం సుమారు 770 కిలోమీటర్లు, సమయం దాదాపు గంటన్నర. హైదరాబాద్‌కు సుమారు 1,200 కిలోమీటర్లు, రెండుంబావు గంటలు. గంటకు 800 కిలోమీటర్ల వేగంతో లెక్కిస్తే హైదరాబాద్‌కు గంటన్నర చాలుననిపిస్తుంది. కానీ విమాన సంస్థలు ప్రకటించే సమయంలో రన్‌వే వరకు నడక, పైకెగయడం, దిగడం కూడా కలిసి ఉంటాయి. శీతాకాలంలో పడమటి గాలులు ఎదురైతే కొంత ఆలస్యం కావచ్చు.

ఇంటి గుమ్మం నుంచి లెక్క

మలంచా నుంచి విమానాశ్రయానికి మూడున్నర గంటలు, తనిఖీలకు రెండు గంటలు, దిగిన తర్వాత బయటపడి నగరం చేరేందుకు మరో గంట కలిపితే విశాఖకు దాదాపు 8 గంటలు పడుతుంది. ఖరగ్‌పూర్‌లో ఆగే వేగవంతమైన రైళ్లకు 11 నుంచి 12 గంటలు పడుతుంది. ఆదా అయ్యేది మూడు నాలుగు గంటలే.

శ్రీకాకుళం జిల్లావాసుల లెక్క వేరు. హౌరా – చెన్నై మార్గంలో పలాస, ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్లు విశాఖకు ముందే వస్తాయి. విమానంలో వెళ్లినవారు విశాఖలో దిగి మళ్లీ ఉత్తరానికి మళ్లాలి. శ్రీకాకుళానికి ఇది వంద కిలోమీటర్లకు పైగా. పలాసకు దాదాపు రెట్టింపు. శ్రీకాకుళానికి విమానం, రైలు ఇంచుమించు సమానం. పలాస పరిసరాలకు రైలే ముందు చేరుస్తుంది. అయితే అన్ని రైళ్లూ ఈ స్టేషన్లలో ఆగవు కనుక, ఎక్కే ముందు ఆగే స్టేషన్లను సరిచూసుకోవాలి.

హైదరాబాద్ విషయంలో సందేహానికి తావు లేదు. రైలుకు ఇంచుమించు ఒక పూర్తి రోజు పడితే, విమానంలో ఇల్లు విడిచిన 9 గంటలకు నగరం చేరవచ్చు.

అయితే ఈ లెక్కలన్నీ ఖరగ్‌పూర్ నుంచి బయలుదేరే వేళకు రైలు, కోల్‌కతా చేరే వేళకు విమానం సిద్ధంగా ఉన్నప్పుడే వర్తిస్తాయి. విమానం మర్నాటి ఉదయం వరకు లేకపోతే, ఆ రాత్రి రైలు ఎక్కినవారే ముందుగా విశాఖ చేరే అవకాశం ఉంది. అందువల్ల అత్యవసర వేళ టికెట్ కొనేముందు చూడవలసింది గాలిలో గడిచే గంటలను కాదు, ఇంటి నుంచి ఇంటికి పట్టే మొత్తం సమయాన్ని.