పలుకు రాని బిడ్డ – పలికెడి పెట్టె

పెట్టె మాటాడుట మన యిండ్లలో వింత కాదు. ఎక్కడనో కూర్చుండి ఒకరు పలికిన మాట రేడియో ద్వారా మన చావడిలో వినవచ్చుచున్నది. కాని తన గొంతుతో పలుకజాలని బిడ్డకు బదులు పలికెడి పెట్టె వేరొకటి కలదు. దాని చరిత్రను మేము నేడు శ్రోతలకు విన్నవింపదలచితిమి.

ఆటిజమ్ అను స్థితిని 1943లో అమెరికాలో లియో కానర్ అను వైద్యుడు వర్ణించెను. ఆయన పరీక్షించిన 11 మంది పిల్లలలో ఎనమండ్రకు మాట వచ్చెను, మువ్వురకు రాలేదు. మాట లేనివానికి మనసులో చెప్పవలసినదియు లేదని లోకము తలచుట పరిపాటి. ఆ తలపు ఎంత పొరపాటో తరువాతి కాలము చూపినది.

మాటాడు యంత్రము పాతదే. 1791లో కెంపెలెన్ అనునతడు తిత్తితోను, పీకతోను పలికించు యంత్రమును గూర్చి గ్రంథము ప్రకటించెను. 1939లో న్యూయార్కు ప్రదర్శనమున హోమర్ డడ్లీ నిర్మించిన ‘వోడర్’ విద్యుచ్ఛక్తితో పలికెను. అవి చూపరులకు వినోదములు. పలుకజాలనివారి అక్కరకు అట్టి యంత్రములు వచ్చుటకు మరికొన్ని దశాబ్దములు పట్టినది. వచ్చినవియు వేల డాలర్ల వెల గలవి.

మన ప్రాంతమున మద్రాసు ఐ.ఐ.టి.లో చదివిన అజిత్ నారాయణన్ చెన్నైలో ‘ఆవాజ్’ అను పరికరమును నిర్మించెను. హైదరాబాదువారికి ఆ మాటకు అర్థము చెప్పనక్కరలేదు. తొలుత మస్తిష్క పక్షవాతము గల పిల్లలకై పుట్టిన ఆ పరికరము పిమ్మట ఆటిజమ్ గల పిల్లలకును అందినది. బిడ్డ తెరపై బొమ్మను తాకును. పెట్టె ఆ మాటను పలుకును. అయితే తెలుగున ఒక చిక్కు కలదు. ‘నేను’, ‘నీళ్లు’, ‘కావాలి’ అను మూడు బొమ్మలను వరుసగా తాకినచో వాక్యము కాదు. ‘నేను’ అనునది ‘నాకు’ కావలెను. విభక్తులు గల భాషకు బొమ్మల పలకను అమర్చుట ఆంగ్లమునకు అమర్చుటవంటిది కాదు.

తిరుమలగిరికి చేరువనున్న బోయినపల్లి మనోవికాసనగరమున 1984లో కేంద్ర ప్రభుత్వము బుద్ధిమాంద్యము గలవారికై జాతీయ సంస్థను స్థాపించెను. చట్టము మాత్రము మెల్లగా నడచినది. 1995 నాటి వికలాంగుల చట్టపు జాబితాలో ఆటిజమ్ లేదు. 1999 నాటి జాతీయ న్యాసచట్టము దానిని పేర్కొనెను. 2016 నాటి చట్టము 21 వైకల్యములలో దానిని చేర్చుటయే కాక, నోటిమాటకు బదులుగా వాడు ప్రత్యామ్నాయ పద్ధతులను గూడ సంభాషణగా నంగీకరించెను.

పెట్టె నిచ్చినచో బిడ్డ నోటిమాట మానునని తల్లిదండ్రులు భయపడుట సహజము. 2014లో కానీ కసారి బృందము అమెరికాలో 5 మొదలు 8 ఏండ్ల వయసు గల 61 మంది పిల్లలపై జరిపిన పరిశోధన ప్రకటితమైనది. చికిత్సతోపాటు మొదటినుండి ఇట్టి పరికరము నందినవారే తమంతట తాము ఎక్కువగా సంభాషించిరని తేలినది.

ఒక హెచ్చరిక కూడ అవసరము. పెద్దలు బిడ్డ చేయి పట్టి మీటలు నొక్కించు పద్ధతిని 1990 దశకమున పరీక్షింపగా, వెలువడినవి బిడ్డ మాటలు కావు, చేయి పట్టినవారివేయని రుజువైనది. వ్రేలు బిడ్డదే కావలెను.

తినుబండారముల బొమ్మలతోనే పలకను నింపరాదని మా మనవి. ‘వద్దు’, ‘నొప్పి’, ‘ఆగండి’ అను మాటలును అందుండవలెను. ఎక్కడ నొప్పియో చెప్పజాలక ఏడ్చు బిడ్డకు ఆ ఒక్క మాటయే పెన్నిధి. రేడియో ముందు మనము ఓపికతో కూర్చుందుము. బిడ్డ వ్రేలు బొమ్మను వెదకునంతసేపు అంతే ఓపికతో వేచియుండుట మన వంతు.