స్లర్రీ వాడకంలో నత్రజని ఆదా: మనూర్ మండలానికి అనువైన పద్ధతులు

మనూర్ (సంగారెడ్డి జిల్లా): పశువుల ఎరువును, గోబర్ గ్యాస్ స్లర్రీని పొలానికి చేర్చినంత మాత్రాన అందులోని నత్రజని పైరుకు అందినట్లు కాదు. నేలపై పోసి ఎండకు వదలివేసిన స్లర్రీ నుండి నత్రజని అమ్మోనియా వాయువుగా మారి గాలిలో కలిసిపోతుంది. ఈ నష్టంలో దాదాపు సగం తొలి కొద్ది గంటలలోనే జరుగుతుంది. అందుచేత స్లర్రీ పోయడానికీ, దానిని మట్టిలో కలపడానికీ మధ్య గల వ్యవధిని తగ్గించడమే చిన్న రైతుకు అందుబాటులో ఉన్న ప్రధాన ఉపాయం.

2016 అక్టోబరులో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగే వరకు మెదక్ జిల్లాలో ఉన్న మనూర్, ప్రస్తుతం సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ రెవెన్యూ డివిజన్‌లోని మండల కేంద్రం. మంజీరా పరీవాహకంలోని ఈ ప్రాంతంలో పత్తి, కంది, సోయాచిక్కుడు, పెసర, మినుము పైర్లు అధికంగా వర్షాధారంపై సాగవుతున్నాయి. వేసవిలో పెంటను బండ్లపై, ట్రాక్టర్లపై తోలి, చేనులో చిన్న చిన్న కుప్పలుగా పోసి, తొలకరి దుక్కి వరకు అట్లే ఉంచడం తెలంగాణ మెట్ట ప్రాంతాలలో చిరకాలపు వాడుక. బండ్లు, మనుషులు తీరికగా దొరికే కాలం అదే గనుక ఈ అలవాటుకు కారణం లేకపోలేదు. అయితే అమ్మోనియా నష్టానికి అత్యంత అనుకూలమైన కాలం కూడా అదే.

పశువుల మూత్రంలోని యూరియా, పేడలోనూ మట్టిలోనూ ఉండే యూరియేజ్ అనే ఎంజైము ప్రభావంతో అమ్మోనియంగా మారుతుంది. క్షారగుణం, ఉష్ణోగ్రత, గాలి వేగం పెరిగిన కొద్దీ అది అమ్మోనియా వాయువై లేచిపోతుంది. పూర్తిగా చివికిన ఎరువులో నత్రజని అధిక భాగం సేంద్రియ రూపంలో ఉండి నెమ్మదిగా విడుదలవుతుంది గనుక ప్రమాదం తక్కువ. పచ్చి పేడ, మూత్రం, స్లర్రీ విషయంలో జాగ్రత్త అవసరం. గోబర్ గ్యాస్ ప్లాంటు నుండి వెలువడే స్లర్రీలో అమ్మోనియం పాలు, క్షారగుణం పచ్చి పేడలో కన్నా ఎక్కువ. వాసన తగ్గినందున అది నిరపాయమని భావించడం పొరపాటు.

నష్టం విలువను ఒక చిన్న లెక్కతో గ్రహించవచ్చును. రెండు ఘనపు మీటర్ల గృహ ప్లాంటుకు రోజుకు సుమారు 50 కిలోల పేడ, అంతే నీరు కావాలి. పచ్చి పేడలో నత్రజని 0.3 శాతంగా తీసుకుంటే రోజుకు 150 గ్రాములు, సంవత్సరానికి సుమారు 55 కిలోలు. గ్యాస్ తయారీలో ఈ నత్రజని ఖర్చు కాదు. దాదాపు అంతా స్లర్రీలోనే మిగులుతుంది. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20 కిలోలకు కొద్దిగా పైన. అనగా ఒక్క గృహ ప్లాంటు స్లర్రీలో రెండున్నర బస్తాలకు మించిన నత్రజని ఉన్నదన్నమాట. దానిని గుంటలో ఎండబెట్టి పెళ్ళలుగా చేలోకి తోలితే అమ్మోనియం రూపంలోని భాగం చాలావరకు ముందే పోతుంది.

ఐరోపా దేశాలలో ఈ సమస్యపై చట్టాలు వచ్చాయి. నెదర్లాండ్స్ 1990వ దశకంలోనే స్లర్రీని గాలిలోకి చిమ్మి చల్లే విధానాన్ని కట్టడి చేసింది. 1999 నాటి గోథెన్‌బర్గ్ ఒడంబడిక అమ్మోనియాకు కూడా పరిమితులు విధించింది. దాని అమలుకై ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక సంఘం రూపొందించిన మార్గదర్శకాల ప్రకారం, గాలిలోకి చిమ్మే విధానంతో పోల్చినపుడు, నేలకు ఆనేలా గొట్టాలతో వరుసలుగా వదిలితే నష్టం 30 నుండి 35 శాతం, చాలు చీల్చి లోపల పోసి మూసివేస్తే సుమారు 80 శాతం తగ్గుతుంది. చల్లిన వెంటనే నాగలితో తిరగదున్నితే తగ్గుదల 90 శాతం. నాలుగు గంటలలోపు మట్టిలో కలిపితే 45 నుండి 65 శాతం. 24 గంటలకు కలిపితే 30 శాతం మాత్రమే. ఇవి చల్లని దేశాలలో తేలిన అంకెలు. మనూర్ ఎండలకు వీటిని యథాతథంగా అన్వయిస్తూ వార్తలు రాయడం సరికాదు. అయితే ఆలస్యమైన కొద్దీ ప్రయోజనం తరిగిపోతుందన్న సూత్రం ఇక్కడ మరింత బలంగా వర్తిస్తుంది.

చాలు చీల్చి పోసే భారీ ట్యాంకర్లు చిన్న కమతాలకు గిట్టుబాటు కావు. తడిసిన నల్లరేగడిలో వాటి బరువుకు నేల గట్టిపడుతుంది. వాటికి బదులు సాళ్ల మధ్య నాగలితో చాలు తీసి, బకెట్లతోనో డ్రమ్ముకు అమర్చిన పైపుతోనో స్లర్రీ పోసి, వెనువెంటనే మట్టి కప్పవచ్చును. బోరు కింద సాగయ్యే చెరకు, కూరగాయలకు సాగునీటి కాలువలో కలిపి పారించవచ్చును. నీటితో పలుచబడిన స్లర్రీ త్వరగా నేలలోకి ఇంకుతుంది. ఏ పద్ధతిలోనైనా సాయంకాలం, గాలి లేని వేళ మేలు. వెంటనే వాడే వీలు లేనపుడు స్లర్రీ గుంటకు పందిరి వేసి, ఎండు చెత్త, పొట్టు కలిపి పీల్చుకోనివ్వాలి. వేసవిలో తోలిన పెంటను చిన్న కుప్పలుగా గాక గట్టున ఒకే పెద్ద కుప్పగా పోసి, మట్టితో కప్పి, దుక్కి నాడే వెదజల్లి గుంటక తోలడం ఉత్తమం.

చేలో గొర్రెల మందలను రాత్రిపూట నిలిపే ఆచారం కూడా ఈ కోవలోనిదే. పేడ, మూత్రం రెండూ నేరుగా నేలపై పడడం దీని విశేషం. మూత్రంలోని నత్రజని పశువుల కొట్టంలో వలె వృథా కాదు. అయితే మంద లేచిన ఉదయమే పైపైన దున్నితేనే ఆ ఫలితం దక్కుతుంది. కాపరికి పైకమో ధాన్యమో ఇచ్చి మంద పెట్టించి, వారం వరకు దున్నని రైతు చెల్లించిన దానిలో కొంత గాలికి పోయినట్లే.

మట్టిలో కలిపిన నత్రజని కొంత నైట్రస్ ఆక్సైడుగా మారే అవకాశమున్నది. ఈ వాయువు వందేళ్ళ ప్రమాణంలో బొగ్గుపులుసు వాయువు కన్నా సుమారు 273 రెట్లు అధికంగా భూతాపానికి కారణమవుతుంది. కనుక నీరు నిలిచిన చేలో, పైరు అవసరానికి మించి స్లర్రీ పోయరాదు. దిగువన సింగూరు జలాశయం ఉన్నందున మంజీరాకు, వాగులకు ఆనుకొని గానీ, భారీ వర్షసూచన ఉన్నపుడు గానీ వాడరాదు.

సహాయం విషయమై ఒక స్పష్టత అవసరం. కేంద్ర ప్రభుత్వం 2023 జూన్‌లో ఆమోదించిన టన్నుకు రూ.1,500 మార్కెట్ అభివృద్ధి సహాయం, గోబర్‌ధన్ పరిధిలోని ప్లాంట్ల నుండి విక్రయమయ్యే సేంద్రియ ఎరువులకు ఉద్దేశించినది. రైతు తన ప్లాంటు స్లర్రీని తన చేనుకే వాడుకుంటే అది వర్తించదు.