1317 అంటే ఏ సంవత్సరం?

తెలంగాణలో భూమి శిస్తు చట్టం పేరులోనే 1317 అనే అంకె ఉంది. క్రీస్తు శకంగా చదివితే అది ఓరుగల్లులో ప్రతాపరుద్రుడు ఏలుతున్న కాలం. నిజాం నాటి చట్టం కనుక హిజ్రీ అనుకుంటే 1899 దగ్గరికి చేరుతాం. రెండూ కావు. అది ఫసలీ 1317, అంటే 1907-08. రెవెన్యూ కాగితాల్లో ఈ అంకె కనిపించగానే చాలామంది దాన్ని ముస్లిం పాలకుల మత సంవత్సరంగా లెక్కగడతారు. నిజానికి మతపరమైన పంచాంగం సేద్యానికి పనికిరాదని ఆ పాలకులే గ్రహించి పక్కన పెట్టినందువల్ల పుట్టిన లెక్క ఇది.

ఫసల్ అనే అరబ్బీ మాటకు రుతువు అనీ, పంటకారు అనీ అర్థాలున్నాయి. హిజ్రీ సంవత్సరం పూర్తిగా చాంద్రమానం. మన పంచాంగంలా అధికమాసంతో సర్దుకోదు కాబట్టి సౌరమానం కన్నా ఏటా దాదాపు 11 రోజులు వెనక్కి జరుగుతుంది. 32 పంట ఏళ్లు గడిచేసరికి దాని లెక్కలో 33 ఏళ్లవుతాయి. ఆ లెక్కన శిస్తు వసూలు చేస్తే రైతు పండించని పంటకు కూడా కట్టాలి, పైగా గడువు ఒక్కోసారి పైరు పొట్టమీద ఉన్నప్పుడే వచ్చిపడుతుంది. అందుకే అక్బరు పట్టాభిషేక సంవత్సరమైన 1556ను, అంటే హిజ్రీ 963ను పునాదిగా తీసుకుని, అక్కడి నుంచి ఏళ్లను సౌరమానంలో లెక్కించారు. దక్కనులో ఇదే పద్ధతి షాజహాను ఏలుబడిలో, 1636లో మొదలైంది. అప్పటికి హిజ్రీ 1046 నడుస్తోంది. 1636 లోంచి 1046 తీసేస్తే 590. మన ఫసలీకీ క్రీస్తు శకానికీ నేటికీ ఉన్న తేడా అదే. ఉత్తరాదిలో ఆ తేడా 593 దగ్గర ఆగింది. మధ్యలో గడిచిన 80 ఏళ్లలో హిజ్రీ ముందుకు దూకిన రెండు మూడేళ్లే ఈ వ్యత్యాసం. ఖరీఫ్, రబీ అనే మాటల్లోనూ ఇదే చూపుంది. అరబ్బీలో ఒకటి శరత్తు, రెండోది వసంతం. విత్తే కాలాన్ని బట్టి కాక కోసే కాలాన్ని బట్టి పెట్టిన పేర్లవి. మన వానాకాలం, యాసంగి, సార్వా, దాళ్వా మాటలు వాడుకలో చక్కగా బతికే ఉన్నా, సర్కారు లెక్క మాత్రం కళ్లం దగ్గరే మొదలైంది.

అయితే పరాయి శకం ఎందుకు, శాలివాహన శకం పెట్టుకోవచ్చు కదా అనే వాదన ఉంది. కానీ ఆ శకంలో ఏడు మారే ఉగాది నాటికి రబీ వసూళ్లు ఇంకా పూర్తికావు, ఏడు మధ్యలోనే తెగిపోతుంది. జూలై 1న మొదలయ్యే ఫసలీలో మాత్రం వానాకాలం పంట, యాసంగి పంట, రెండింటి శిస్తూ ఒకే పద్దులో ఇముడుతాయి. ఇంగ్లీషు తేదీ చాలదా అనేది ఇంతకన్నా బలమైన అభ్యంతరం. కొత్త కాగితాలకు చాలవచ్చు. కానీ భూమి హక్కు పాత కాగితం మీద నిలుస్తుంది. తెలంగాణలో ఇప్పటికీ తగాదాలు తేల్చడానికి తిరగేసే భూమి రికార్డు, ఖాస్రా పహాణీ, 1954-55 నాటిది, అంటే ఫసలీ 1364. ఆంధ్రలో పహాణీని అడంగల్ అంటారు. పేర్లు వేరైనా రెండింట్లోనూ ఏడాది లెక్క ఫసలీదే.

ఫసలీతో అసలు చిక్కు మరోచోట ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. మద్రాసు రాజధానిలో ఈ సంవత్సరం జూలైలో మొదలైతే, నిజాం రాజ్యంలో ఆజూర్ నెలతో, అక్టోబరు తొలి వారంలో మొదలయ్యేది. 1931 ఆగస్టులో కృష్ణకు ఈవల బ్రిటిషు జిల్లాలో రాసిన కాగితం మీద ఫసలీ 1341 ఉంటే, అదే రోజున ఆవలి ఒడ్డున నల్లగొండలో ఇంకా 1340 నడుస్తోంది. కనుక 590 కలిపితే సరిపోతుందన్న సూత్రం ఒక్కటే పట్టుకుంటే తేదీ ఏడాది తప్పుతుంది. ముందు కాగితం ఏ ఒడ్డుదో చూడాలి, తర్వాత నెల చూడాలి, అంకె ఆ తర్వాతే.