పాచిని మేసే చేపలు – కలకత్తా ఉప్పు సరస్సుల కథ

సముద్రపు నీటితో నింపిన అక్వేరియంలో కొద్ది రోజులకే అద్దాలకూ రాళ్లకూ పాచి పట్టడం మీరు గమనించే ఉంటారు. చేపలు తినగా మిగిలిన మేత, వాటి విసర్జనలు కుళ్లి నత్రజని, భాస్వరం నీటిలో చేరతాయి. వెలుగుకు దీపం ఎలాగూ ఉంది. పాచికి ఇంకేం కావాలి? ఎంత గోకినా మళ్లీ వస్తుంది. అందుకే పాచిని మేసే నత్తలనూ, సర్జన్ చేపలనూ అందులో వదులుతారు.

ఇలా మేసే జీవులు లేకపోతే ఏమవుతుందో కరీబియన్ సముద్రం చూపించింది. 1983లో పనామా తీరాన మొదలైన ఏదో వ్యాధితో, పగడపు దిబ్బలపై పాచిని మేసే నల్లని ముళ్ల సముద్రపు అర్చిన్‌లు నూటికి తొంభైకి పైగా చనిపోయాయి. కొన్నేళ్లలోనే జమైకా పగడాలను శైవలాలు కప్పేశాయి.

ఇదే సూత్రం మీద ఒక మహానగరపు మురుగునీరు నడుస్తోందంటే నమ్ముతారా? ఆ నగరం కలకత్తా. 2001 నుంచి దాని అధికార నామం కోల్‌కతా.

నగరానికి తూర్పున ఒకప్పుడు ఉప్పు సరస్సులు ఉండేవి. సముద్రపు పోటుతో విద్యాధరి నది ఉప్పునీటిని లోపలికి తెచ్చేది. ఆ నీటిలో పండుగప్పలు, రొయ్యలు, పాచిని గీరి తినే పార్షే చేపలు పెరిగేవి. క్రమంగా నది పూడుకుపోయింది. 1928లో ప్రభుత్వం అది చచ్చిపోయిన నది అని ప్రకటించింది. ఉప్పునీరు రావడం ఆగిపోయింది. చేపల మీద బతికేవారి గతి ఏమిటి?

ఊరి మురుగు ఆ వైపే పారుతోంది. బిధుభూషణ్ సర్కార్ అనే చేపల పెంపకందారు 1930 ప్రాంతంలో ఆ మురుగును చెరువులోకి పెట్టి చేపలు పెంచి చూశాడు. చేపలు బతకడమే కాదు, బాగా పెరిగాయి. చుట్టుపక్కలవారు అతని దారి పట్టారు. ఈ చెరువులను బెంగాలీలు భేడీలు అంటారు (మన బేడీలతో సంబంధం లేదు!). పార్షే చేపల స్థానంలో మంచినీటి చేపలు వచ్చాయి: శీలావతి, బొచ్చె, ఎర్రమోసు, తర్వాత తిలాపియా. చైనా నుంచి పుట్టిన వెండిచేప 1959లో మన దేశానికి, మొదట కటక్‌కు చేరింది. దాని మొప్పల్లో సన్నని జల్లెడ ఉంటుంది. నీటిలో తేలే అతిసూక్ష్మ శైవలాలను కూడా అది వడకట్టి తింటుంది.

పెంపకందారులు పద్ధతిని అనుభవంతోనే కనిపెట్టారు. చలికాలంలో చెరువును ఎండగట్టి, మురుగునీరు పెట్టి, రెండు మూడు వారాలు అలా వదిలేస్తారు. ముందు కొద్ది చేపలను వదిలి, అవి బతికితేనే మిగతావాటిని వదులుతారు. ఆ తర్వాత కొద్దికొద్దిగా మురుగు పెడుతూ ఉంటారు.

ఇందులో పాచి పాత్ర విచిత్రమైనది. మురుగును బాక్టీరియా కుళ్లబెట్టాలంటే ఆక్సిజన్ కావాలి. దాన్ని పగటిపూట కిరణజన్య సంయోగక్రియతో ఇచ్చేది శైవలాలే. లోతు తక్కువ కాబట్టి చెరువులోకి ఎండ బాగా దిగుతుంది. కాని పాచి హద్దు మీరిందా, రాత్రి అదే ఆక్సిజన్‌ను పీల్చేస్తుంది. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. ఆ హద్దును కాచేవి పాచిని మేసే చేపలు.

ఏ చేపనైనా వదిలితే సరిపోతుందా? సరిపోదు. పాచిని తినే సూక్ష్మజీవులను, అంటే జంతుప్లవకాలను, తినే చేపలు ఎక్కువైతే పాచి తగ్గకపోగా పెరుగుతుంది. బొచ్చె ఇష్టపడేది ఆ ప్లవకాలనే. చెకోస్లొవేకియాలో హ్రబాచెక్ 1960ల మొదట్లో చెరువుల్లో ఈ సంగతి చూపించాడు. అమెరికాలో జోసెఫ్ షపీరో 1975లో ఇలాంటి నియంత్రణకు బయోమానిప్యులేషన్ అని పేరు పెట్టాడు. భేడీల్లో రకరకాల చేపలు కలిపి పెంచడం అప్పటికి నలభై ఏళ్లకు పైగా సాగుతోంది. పేరు పెట్టినవారికి దక్కే కీర్తి చేసినవారికి దక్కడం అరుదు.

ఇంజనీరు ధ్రువజ్యోతి ఘోష్ 1980ల మొదట్లో నగరపు మురుగు ఎటుపోతోందని వెతుకుతూ ఈ చెరువుల దాకా వచ్చాడు. రోజూ 70 కోట్ల లీటర్లకు పైగా మురుగును యంత్రాలు లేకుండా ఎండ, శైవలాలు, చేపలు శుద్ధి చేస్తున్నాయని ఆయన లోకానికి చెప్పాడు. చేప పాచిని తిన్నంత మాత్రాన నత్రజని, భాస్వరం మాయమైపోవు, విసర్జనతో చాలావరకు తిరిగి నీటిలోకే వస్తాయి. భేడీల్లో వల వేసి చేపను పట్టి బజారుకు పంపుతారు. చేప శరీరంలో చేరిన భాగం అలా చెరువు దాటుతుంది. నత్తలు వదిలిన అక్వేరియంలో పాచి కొన్నాళ్లకు మళ్లీ రావడానికి కారణం ఇక్కడే ఉంది. అక్కడ ఏదీ బయటికి పోదు. ఇంకో పరిమితి కూడా ఉంది: తోళ్ల శుద్ధి కర్మాగారాల క్రోమియంను ఏ చేపా అరిగించుకోలేదు.

1962–67 మధ్య హుగ్లీ ఇసుకమట్టితో ఉప్పు సరస్సుల్లో కొంతభాగం పూడ్చి సాల్ట్ లేక్ నగరం కట్టారు. మిగిలినదాన్నీ పూడ్చబోతే పౌరులు కోర్టుకెక్కారు. కలకత్తా హైకోర్టు 1992లో చెరువుల రక్షణకు తీర్పునిచ్చింది. 2002 ఆగస్టు 19న సుమారు 12,500 హెక్టార్ల తూర్పు కోల్‌కతా చిత్తడి నేలలు రామ్‌సర్ జాబితాలో చేరాయి. అదే రోజు మన కొల్లేరు కూడా చేరింది. 2006లో కొల్లేరులో అక్రమ చేపల చెరువుల గట్లు తెంచారు. అదే ఏడాది కోల్‌కతాలో చెరువులను కాపాడే చట్టం వచ్చింది. కొల్లేరు చెరువుల్లో బయటినుంచి తెచ్చిన మేత, ఎరువులు వేస్తారు, వాటి గట్లు సరస్సు ప్రవాహాన్ని అడ్డుకున్నాయి. భేడీల్లో మేత ఊరి మురుగే.