వంశవృక్షమున లేని నర్సమ్మ

మన పల్లెలలో వంశచరిత్ర అడిగినచో పెద్దలు ఆరేడు తరముల పురుషుల పేర్లు తడుముకొనకుండ చెప్పుదురు. ఇంటిపేరు ఏ యూరినిబట్టి వచ్చినదో, పూర్వులు ఏ కరవునాడు ఇటు తరలివచ్చిరో కూడ చెప్పుదురు. ఆ తరములలోని స్త్రీల పేర్లడిగినచో మాత్రము ముత్తవ్వ దగ్గరనే మాట ఆగిపోవును. పెండ్లియైన ఆడపడుచు వేరొక వంశమునకు చేరినదగును. చిన్ననాడే వితంతువై పుట్టింటికి వచ్చినది ఏ వంశపు లెక్కలోనికిని రాదు. అట్టి స్త్రీ గడప దాటి జీతమునకు పని చేసినదన్నచో ఆమె పేరెత్తుటకే పెద్దలకు నోరు రాకుండెడిది.

మా తాతగారి మేనత్త అట్టి స్త్రీ. ఆమెనుగూర్చి మా యింట మిగిలినవి మూడే మాటలు: బాల్యముననే భర్త పోయినాడు, గుంటూరు దొరసాని ఆసుపత్రిలో పని నేర్చినది, పిమ్మట ఊళ్ల వెంట తిరిగి పురుళ్లు పోసినది. మా వంశవృక్షమున ఆమెకు కొమ్మ లేదు, రెమ్మ లేదు. ఆమెను కాగితములలో వెదకిన త్రోవను ఈ సంచికలో వ్రాయుటకు కారణము, ఇట్టి నర్సమ్మలు ఈ యూర మరికొన్ని యిండ్లలో కూడ ఉండియుందురని తోచుటయే.

దొరసాని ఆసుపత్రి యనగా కుగ్లర్ ఆసుపత్రి. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమునకు చెందిన అన్నా సారా కుగ్లర్ అను వైద్యురాలు లూథరన్ మిషను పక్షమున 1883లో గుంటూరు చేరెను. ఆమె వైద్యపట్టము పొందియున్నను మిషనువారు మొదట ఆమెను వైద్యమునకు గాక స్త్రీల నడుమ బోధనకు నియమించిరి. రోగులు మాత్రము ఆమెను విడువలేదు. తుదకు 1898లో స్త్రీలకును పిల్లలకును ప్రత్యేకముగా ఆసుపత్రి వెలసినది. అచ్చటనే తెలుగు స్త్రీలకు నర్సు పని నేర్పుట కూడ సాగినది. ఏలూరు జమీందారు రాజా భుజంగరావు తన కుటుంబమున జరిగిన వైద్యమునకు కృతజ్ఞుడై రోగుల బంధువులకొరకు సత్రము కట్టించెను. కుగ్లరమ్మ 1930లో గుంటూరులోనే కన్నుమూసెను. ఆమె పేరు ఆసుపత్రికి నిలిచినది, సత్రము కట్టించిన ప్రభువు పేరు గ్రంథములకెక్కినది. రేయింబవళ్లు మంచముల ప్రక్క నిలిచిన తెలుగు స్త్రీలు చరిత్రలో 'నర్సులు' అను బహువచనమైపోయిరి.

ఆ కాలమున ఈ వృత్తిలోనికి ఎవరు వచ్చిరో చదువరులు గ్రహింపవలెను. పురిటి మైల, రక్తపు మైల, శవపు మైల అని మన యిండ్లలో ఎంచి చూచుకొను మూడింటిని నర్సు ప్రతిదినము చేతులతో తాకవలెను. పురుడు పోయుట తరతరములుగా మంత్రసాని వంతు. ఆమెకు కొలిచిన గింజలు, పాత చీర ప్రతిఫలము. పిలిచినప్పుడు దేవత, పని తీరిన పిదప వాకిటికావల మనిషి. చెన్నపట్టణమున మంత్రసాని పనిలో శాస్త్రీయ శిక్షణ 1854లోను, జనరల్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణ 1871లోను ఆరంభమైనవి. 1885లో డఫ్రిన్ ప్రభ్వి పేరిట ఏర్పడిన నిధి స్త్రీవైద్యమునకు దేశమంతట ఊతమిచ్చెను. ఇన్ని జరిగినను అగ్రవర్ణములనబడు కుటుంబముల కన్యలు ఈ పనికి రాలేదు. వచ్చినవారిలో క్రైస్తవ స్త్రీలే అధికులు. తక్కినవారిలో దిక్కులేని వితంతువులుండిరి. ఇంటిలో ఒక పూట భోజనమునకును తెల్లచీరకును కట్టుబడియుండవలసిన వితంతువు, ఆసుపత్రిలో నెల జీతము చేతపట్టుకొనెను. పెద్దలకు మింగుడుపడనిది మైలయా, ఆ జీతమా యని నాకు నేటికిని సందేహమే.

ఇక వెదకుట. మొదట ఎవరికైనను తట్టునది జనాభా లెక్కలు. ఆంగ్లదేశమున నూరేండ్లు గడచిన పిదప ఇంటింటి లెక్కల పత్రములను ప్రజలు చూడవచ్చును; ఎవరి అవ్వ ఏ ఆసుపత్రిలో నర్సో పేరుతో సహా అందు దొరకును. మన దేశమున అట్లు కాదు. 1881 మొదలు పదేండ్లకొకమారు లెక్కలు తీసినను, అంకెలు కూర్చిన పిదప ఆ చీటీలను ఉంచలేదు. అచ్చుపడిన సంపుటములలో మంత్రసానులు, నర్సులు ఎందరో కలదు, ఎవరో లేదు.

రెండవది జనన మరణముల పుస్తకము. చెన్నరాజధానిలో 1899 నాటి చట్టము ననుసరించి గ్రామ మునసబులు ఈ పుస్తకము వ్రాయుచుండిరి. పుట్టిన బిడ్డకు తండ్రి పేరు కలదు. పురుడు పోసిన చేతికి పేరు లేదు. ఈనాటి జనన నమోదు పత్రమున సైతము ప్రసవమునకు సాయపడినది వైద్యురాలా, నర్సా, మంత్రసానియా అను ప్రశ్నయే కాని మనిషి పేరడుగరు. పైగా 1984లో మునసబు, కరణపు ఉద్యోగములు రద్దయినప్పుడు చాల గ్రామములలో పాత కట్టలు చేతులు మారినవి. కొన్ని కచేరులకు చేరినవి, కొన్ని చెదలకు చేరినవి.

మూడవది నర్సుల పట్టిక. చెన్నరాజధానిలో నర్సుల, మంత్రసానుల చట్టము 1926లో వచ్చెను. అప్పటినుండి శిక్షణ పొందినవారి పేర్లు కౌన్సిలు పట్టికలో చేర్చబడినవి. మీ యింటి నర్సు ఆ తరువాతి కాలమున పని చేసినచో ఇచ్చట వెదకుట మేలు. మా అవ్వ అంతకు ముందరి కాలమునకు చెందినది. ఆనాడు ఆసుపత్రి యిచ్చిన యోగ్యతాపత్రమే ఆమెకు పట్టము. ఆ కాగితము మా పెట్టెలలో లేదు.

ఇచ్చట ఒక హెచ్చరిక. గుంటూరు జిల్లా 1904లో ఏర్పడినది. అంతకు పూర్వపు వైద్యశాఖ కాగితములు కృష్ణా జిల్లా క్రింద ఉండును. ఒంగోలు ప్రాంతమువారు 1970 తరువాతి వాటికి ప్రకాశము జిల్లా వంక చూడవలెను. ప్రభుత్వపు ఉత్తరువులు చెన్నపట్టణము ఎగ్మూరులోని భాండాగారమునను, హైదరాబాదు తార్నాకలోని భాండాగారమునను కలవు. నైజాము ప్రాంతపు బంధువులకు త్రోవ వేరు. వారి పాత దస్త్రములు పారసీ, ఉర్దూ భాషలలో ఉండుటచే చదివిపెట్టు మనిషిని వెంట తీసికొని పోవలెను. పాత పత్రికలకు వేటపాలెము సారస్వత నికేతనమును మించిన చోటు మన సీమలో లేదు. 1918లో పల్లెటూరివారు స్థాపించిన ఆ గ్రంథాలయమున పత్రికల సంపుటములు నేటికిని భద్రముగా నున్నవి. స్త్రీల పత్రికలలో ప్రసూతి, శిశుపోషణలనుగూర్చిన వ్యాసములు చదివినచో ఆనాటి నర్సు దేనితో పోరాడెనో కొంత బోధపడును.

మా అవ్వ నాకు ఆసుపత్రి కాగితములలో దొరకలేదు. భూమి కాగితములలో దొరకెను. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టమున ఒక మంచి నియమము కలదు. దస్తావేజులో చెప్పబడిన ప్రతి మనిషికిని నివాసము, తండ్రి పేరు, వృత్తి వ్రాయవలెను. స్థిరాస్తి దస్తావేజులను నకలు చేయు ఒకటవ పుస్తకమును, దాని పేర్ల సూచికను రుసుము చెల్లించిన ఎవరైనను చూడవచ్చును. ఈ సంగతి పొలము తగవుల వకీళ్లకు తెలిసినంతగా చరిత్ర వ్రాయువారికి తెలియదు.

మా చెరువు క్రింది యెకరమును మా ముత్తాతగారు కొన్నారని మాకు చెప్పుచు వచ్చిరి. ఆ పొలము అంచులు పట్టుకొని సూచిక త్రిప్పగా, కొనినది ముత్తాతగారు కాదు, ఆయన చెల్లెలు. క్రయ దస్తావేజులో ఆమె పుట్టింటి పేరు, తండ్రి పేరు, వాని ప్రక్కన 'తాలూకా బోర్డు మిడ్‌వైఫు' అని కలదు. భర్త పేరు వ్రాయవలసివచ్చిన చోట 'కీర్తిశేషులు' అని యొక్క మాట, అంతే. ఆమె మతము మార్చుకొని పేరు మార్చుకొన్నదని మా బంధువులలో కొందరనుచుండిరి. దస్తావేజులో ఉన్నది తలిదండ్రులు పెట్టిన పేరే.

ఆ ఒక్క వృత్తిపదము మరియొక తలుపు తీసినది. ఆమె మిషను కొలువు విడిచి స్థానిక ప్రభుత్వపు కొలువులో చేరినదన్న మాట. తాలూకా బోర్డులు 1934లో రద్దయి వాటి పనులు జిల్లా బోర్డులకు పోయినవి. 1959లో పంచాయతీ రాజ్యము వచ్చినప్పుడు జిల్లా బోర్డుల బాధ్యతలు జిల్లా పరిషత్తులకు సంక్రమించినవి. కనుక బోర్డు మంత్రసానుల జీతపు పట్టీల జాడకు అడుగవలసినది ఆసుపత్రిని కాదు, పరిషత్తు దస్త్రముల గదిని. ఈ త్రోవన పోదలచినవారు వేసవికి ముందే పోవుట మేలు; ఆ గదులలో గాలి ఆడదు.

ఈ సంచిక చదువు సోదరసోదరీమణులకు ఒక మనవి. మీ యిండ్లలో అటకపై పెట్టెలలో తెల్లచీర, తెల్ల రవికె, నడుమునకు పట్టీ ధరించిన స్త్రీ ఛాయాచిత్రము కాని, ఆంగ్లమున అచ్చొత్తిన యోగ్యతాపత్రము కాని ఉన్నచో పారవేయవలదు. మన గ్రంథాలయమునకు ఒక పూట ఎరువిచ్చినను చాలును. నకలు తీయించి మరల మీ చేతికే ఇచ్చెదము. వెనుక పెన్సిలుతో పేరు వ్రాయగల పెద్దలు ఇంకను కొందరే ఉన్నారు.

ఆ యెకరమునుగూర్చి సూచికలో మరియొక దస్తావేజు కూడ కలదు. అది దానపత్రము. అవ్వ తన అన్నగారి మైనరు కుమాళ్లకు ఆ పొలమును వారి చదువు నిమిత్తమై వ్రాసి యిచ్చెను. ఆ కుమాళ్లలో ఒకరు మా తాతగారు. ఆయన హైస్కూలు చదువు ఆ మడి మీదనే సాగినది. వ్రాసి యిచ్చినవారు ఫలానావారేనని సబ్‌రిజిస్ట్రారు ఎదుట ఎవరో ఒకరు గుర్తుపట్టి చెప్పవలెను గదా! ఈమె నా తోబుట్టువు, నేనెరుగుదునని ఆనాడు చెప్పినవారు మా ముత్తాతగారే. ఆయన పేరు క్రింద 'నిశాని' అని, ఆమె పేరు క్రింద 'చేవ్రాలు' అని నకలులో కలదు.