వేడినీళ్ళు ఎందుకు?

పాత తెలుగు సినిమాల్లో పురిటి సీను మీకు గుర్తుండే ఉంటుంది. లోపల్నుంచి కేకలు వినిపిస్తుంటాయి, హీరో వరండాలో పచార్లు చేస్తుంటాడు, తలుపు ఓరగా తీసి ఓ పెద్దావిడ "వేడినీళ్ళు పెట్టండి!" అని అరుస్తుంది. అంతే, ఇంటిల్లిపాదీ పొయ్యి దగ్గరికి పరిగెడతారు. ఇంగ్లీషు సినిమాల్లోనూ అచ్చంగా ఇదే తంతు. ఆ నీళ్ళు చివరికి ఏమయ్యాయో మాత్రం ఏ దర్శకుడూ చూపించడు. మొగుణ్ణి గదిలోకి రానీకుండా ఏదో ఒక పని పెట్టడానికే ఆ నీళ్ళని ఇక్కడి వాళ్ళు జోకేస్తుంటారు.

ఈ నీళ్ళ గొడవ నాకిప్పుడు ఎందుకంటే, మా ఆవిడకి ఎనిమిదో నెల. రెండో కాన్పు. మొదటిది ఏ ఇబ్బందీ లేకుండా అయిపోయింది కనక ఈసారి ఇంట్లోనే కనాలనుందా అని మిడ్‌వైఫ్ అడిగింది. ఇంగ్లండ్‌లో ఇది మామూలుగా అడిగే ప్రశ్నే, ఇదంతా ప్రభుత్వ ఖర్చు మీదే. మా ఆవిడకి ఉందిట. ప్రాజెక్టుల్లో రిస్కు రిజిస్టర్లు రాసుకుని బతికేవాణ్ణి కదా, నేను పుస్తకాలు ముందేసుక్కూచున్నాను. పురుటికని ఇండియా నుంచి వచ్చిన మా అమ్మ మాత్రం, "ఆసుపత్రి పక్కన పెట్టుకుని ఇంట్లో కనడమేంట్రా, మతి గానీ పోయిందా?" అంది.

అమ్మ అలా అనడానికి కారణం ఉంది. అది తరవాత చెప్తాను.

1902 దాకా ఇంగ్లండ్‌లో మంత్రసానికి చదువో లైసెన్సో ఉండి తీరాలన్న చట్టం లేదు. వీధిలో అనుభవం ఉన్న పెద్దావిడ ఎవరో వచ్చి పురుడు పోసేది. చాలాచోట్ల పోయినవాళ్ళకి ఆఖరి స్నానం చేయించేది కూడా ఆవిడే. (మన వైపు మంగలి, చాకలి కుటుంబాల ఆడవాళ్ళు చేసిన పనే ఇది. గింజలూ పాత చీరా ఇచ్చి పంపేవాళ్ళం.) 1902లో మిడ్‌వైవ్స్ యాక్ట్ వచ్చింది. మంత్రసానులకి ఒక రిజిస్టరు, పైన ఒక బోర్డు పెట్టారు. 1910 నుంచి సర్టిఫికెట్ లేకుండా డబ్బు తీసుకుని పురుళ్ళు పోయడమే వృత్తిగా పెట్టుకోవడం నేరం. ఆ బోర్డు రాసిన రూల్సు చదువుతుంటే ముచ్చటేస్తుంది. ఉతకడానికి వీలైన బట్టలే కట్టుకోవాలి. సంచీలో కత్తెర, థర్మామీటరు, గోళ్ళు తోముకునే బ్రష్షు, క్రిమిసంహారక మందు ఉండి తీరాలి. మన వేడినీళ్ళ ప్రశ్నకి జవాబు ఇక్కడే దొరుకుతుంది: చేతులు కడగడానికి, కత్తెర మరగబెట్టడానికి. బిడ్డ స్నానం ఆ తరవాత సంగతి.

నాకు అన్నిటికంటే నచ్చింది ఇంకో రూలు. ఫలానా ఫలానా లక్షణాలు కనిపిస్తే మంత్రసాని సొంత వైద్యం చెయ్యకుండా డాక్టర్ని పిలిపించి తీరాలి. మా ఆఫీసు భాషలో ఎస్కలేషన్ మేట్రిక్స్ అన్నమాట. ఎంత బాగుందో! కానీ ఆ చట్టం రాసినవాళ్ళు ఒక చిన్న విషయం వదిలేశారు. వచ్చిన డాక్టరుకి ఫీజు ఎవరివ్వాలి? బాలింత ఇంట్లో పైసా ఉండదు, మంత్రసాని సంపాదన అంతంత మాత్రం, ఫీజు వస్తుందన్న నమ్మకం లేకపోతే డాక్టరు కదలడు. ఇంకాసేపు చూద్దాం, ఇంకాసేపు చూద్దాం అనుకుంటూ ప్రాణం మీదకి తెచ్చుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి? 1918లో చట్టం సవరించి, మంత్రసాని పిలిచిన డాక్టరుకి స్థానిక సంస్థే ఫీజు కట్టాలన్నారు. ఈ ఒక్క సవరణ ఎన్ని బకెట్ల వేడినీళ్ళకి సమానమో నేను చెప్పలేను గానీ, ఇంటి పురుడు చరిత్రలో నాకు కనిపించిన మొదటి పెద్ద మలుపు ఇదే.

ఇక్కడో తమాషా ఉంది. అప్పట్లో ఇంగ్లండ్‌లో వెయ్యి కాన్పులకి నలుగురైదుగురు తల్లులు చనిపోయేవారు. 1930ల మధ్య దాకా ఆ అంకె పెద్దగా తగ్గలేదు. మరి ఎక్కువగా పోయింది పేదవాళ్ళనుకుంటాం కదా, కాదు! 1930-32 లెక్కల్లో కూలివాళ్ళ ఇళ్ళలో కంటే డబ్బున్నవాళ్ళ ఇళ్ళలోనే కాన్పు చావులు ఎక్కువ. ఇర్విన్ లౌడన్ అనే డాక్టరు (తరవాత చరిత్రకారుడయ్యాడు) 1992లో అచ్చయిన తన పుస్తకంలో దీన్ని విప్పి చూపించాడు. పేదవాళ్ళకి మంత్రసాని వచ్చేది, ఓపిగ్గా కూచునేది. డబ్బున్నవాళ్ళకి డాక్టరొచ్చేవాడు. ఆయనకి తొందర, చేతిలో ఫోర్సెప్స్ ఉండేవి, అవసరం లేకపోయినా వాడేవాడు. వెనకే ఇన్ఫెక్షన్ వచ్చేది.

తరవాత రెండేళ్ళలో పరిస్థితి తిరగబడింది. 1935లో రై గింజలకి పట్టే ఒక బూజు నుంచి డడ్లీ, మొయిర్ అనే ఇద్దరు ఎర్గోమెట్రిన్ తీశారు. కాన్పు తరవాత ఆగని రక్తాన్ని ఆపే మందు అది. 1936లో లండన్ క్వీన్ షార్లెట్స్ ఆసుపత్రిలో లెనార్డ్ కోల్‌బ్రూక్, బాలింత జ్వరానికి సల్ఫా మందు పనిచేస్తుందని చూపించాడు. అదే 1936లో మంత్రసానులకి నెలజీతాలిచ్చే చట్టం వచ్చింది. ఇది కాక రక్తం ఎక్కించడం. 1950 వచ్చేసరికి తల్లుల చావులు వెయ్యికి ఒకటి కంటే తగ్గిపోయాయి.

నాకు బాగా ఇష్టమైన కాలం 1950లు. లండన్ పాప్లర్ వాడలో పనిచేసిన మిడ్‌వైఫ్ జెనిఫర్ వర్త్ జ్ఞాపకాల పుస్తకం 2002లో వచ్చింది, 2012 నుంచి బీబీసీలో సీరియల్ కూడా వస్తోంది. మీలో చాలామంది చూసే ఉంటారు. అప్పటికింకా మూడింట ఒక వంతు కాన్పులు ఇళ్ళలోనే. నెలలు దగ్గర పడగానే మిడ్‌వైఫ్ వచ్చి ఇల్లు చూసుకునేది. నీళ్ళు ఎక్కడ్నుంచి మోసుకురావాలి, గదిలో చలిమంట ఉందా, మంచానికి రెండు వైపులా నిలబడే చోటుందా, మెట్లు ఎలా ఉన్నాయి? మెట్ల సంగతెందుకంటే స్ట్రెచర్ దిగాలి కదా. పరుపు మీద గోధుమరంగు కాగితం, దాని మీద పాత వార్తాపత్రికలు పరిచేవాళ్ళు. తడిస్తే చుట్టి మంటలో వేసెయ్యొచ్చు. నిన్నటి పేపరుకి అంతకంటే గౌరవమైన ఉపయోగం నాకు తెలీదు. రక్తం పోయి మనిషి సొమ్మసిల్లితే మంచం కాళ్ళ వైపు ఎత్తు పెట్టడానికి ఇటుకలో కుర్చీయో దగ్గరుండాలి. ఆసుపత్రిలో అన్నీ ఉచితం, ఇంట్లో అయితే ఇవన్నీ కొనుక్కోవాలి, అది అన్యాయం అని 1953లో ఇంట్లో కనేవాళ్ళకి వేరే గ్రాంటు కూడా పెట్టారు.

మొగుడికీ ఒక పని ఉండేది, వేడినీళ్ళు కాదు. ఫోను ఇంట్లో ఉండేది కాదు కనక చిల్లర జేబులో పెట్టుకుని వీధి చివర ఎర్ర పెట్టె దగ్గరికి పరిగెత్తడం. అక్కడ్నుంచి ఒక్క కాల్ వెళ్తే 'ఫ్లయింగ్ స్క్వాడ్' బయల్దేరేది. 1933లో స్కాట్లండ్‌లోని బెల్స్‌హిల్‌లో మొదలై మిగతా ఊళ్ళకి పాకిన ఏర్పాటు ఇది. డాక్టరు, నర్సు, రక్తం సీసాలు అంబులెన్సులో ఇంటికే వచ్చేవి. పడకగదిలోనే రక్తం ఎక్కించి, మనిషి కాస్త తేరుకున్నాక ఆసుపత్రికి తీసికెళ్ళేవారు.

ఇది చదివిన రోజు రాత్రి అమ్మ దగ్గర కూచున్నాను. కారణం చెప్తానన్నాను కదా.

మా పెద్దమ్మ 1958లో పోయింది. కోనసీమలో ముక్తేశ్వరం దగ్గర పల్లె మాది. ఆవిడకి 19 ఏళ్ళు, తొలిచూలు. మా అమ్మకప్పుడు ఆరేళ్ళు. పురిటి గది శుభ్రంగానే అలికారుట, వేపాకు పొగ వేశారుట, మంత్రసాని చెయ్యి మంచిదని పేరుట. వేడినీళ్ళు కాగాయి, బిడ్డ క్షేమంగా పుట్టింది. మాయ పడలేదు. రక్తం ఆగలేదు. కాకినాడ వెళ్ళాలంటే ముందు గోదావరి దాటి కోటిపల్లి రేవు చేరాలి. అర్ధరాత్రి పడవ లేదు. తెల్లారి పడవ కట్టేసరికి అవసరం తీరిపోయింది. అమ్మకి గుర్తున్నది ఒకటే, వాళ్ళ నాన్న రేవు గట్టు మీద లాంతరు పట్టుకుని అటు ఒడ్డుకేసి కేకలేస్తూ నిలబడ్డం.

"మనింట్లో ఏం తక్కువ చేశాం? అన్నీ చేశాం" అంది అమ్మ. నిజమే. అదే సంవత్సరం పాప్లర్‌లో ఇంట్లో కన్నావిడకీ మా పెద్దమ్మకీ గదిలో పెద్ద తేడా లేదు. తేడా అంతా గది బయటే ఉంది.

సరే, మళ్ళీ ఇంగ్లండ్‌కొద్దాం. 1970లో పీల్ కమిటీ నూటికి నూరు కాన్పులూ ఆసుపత్రిలో జరిగేలా ఏర్పాట్లుండాలంది. 1980ల నాటికి ఇంటి కాన్పులు సుమారు ఒక్క శాతానికి పడిపోయాయి. ఆ మధ్యలో నాటింగ్‌హామ్‌లో స్టాటిస్టిక్స్ చెప్పే మార్జరీ ట్యూ అనే ఆవిడ, విద్యార్థుల అభ్యాసానికని కాన్పుల అంకెలు తీసి చూస్తే, ఆసుపత్రులవల్లే చావులు తగ్గాయన్న మాటకి ఆ అంకెల్లో రుజువు దొరకలేదు. ఆవిడ మాట చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 1993లో ప్రభుత్వమే, ఎక్కడ కనాలో తల్లి ఎంచుకోవచ్చంది.

2011లో ఇంగ్లండ్‌లో 64 వేల పైచిలుకు కాన్పుల మీద పెద్ద అధ్యయనం వచ్చింది. అందరూ ముందుగా ఏ చిక్కూ లేనివాళ్ళే. తొలిచూలు ఇంట్లో ప్లాన్ చేసుకున్నవాళ్ళలో బిడ్డకి చావో తీవ్రమైన హానో జరిగినవి వెయ్యికి 9.3, ఆసుపత్రిలో 5.3. రెండో కాన్పు, ఆ పైవాటిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. తొలిచూలులో నూటికి 45 మందిని మధ్యలో ఆసుపత్రికి మార్చాల్సి వచ్చింది, తరవాతి కాన్పుల్లో 12 మందిని. ఇది మొదటి కాన్పయితే నేను ససేమిరా ఒప్పుకునేవాణ్ణి కాదు. అయితే ఈ అంకెలు ఇంగ్లండ్‌వి మాత్రమే. ఇద్దరు మిడ్‌వైఫ్‌లు, మందులు, ఆసుపత్రితో ముందే ఒప్పందం, వీటితో కలిపిన అంకెలు. ఇవి చూపించి ఇంకోచోట ఇంట్లో కనమని ఎవరైనా అంటే నమ్మకండి.

మన దగ్గర కథ వేరే దారిన నడిచింది. 1990ల మొదట్లో ఆంధ్రప్రదేశ్‌లో మూడింట రెండొంతుల కాన్పులు ఇళ్ళలోనే. అవి ఎవరూ ఎంచుకున్నవి కావు. 2005లో 108 వచ్చింది. 2019-21 సర్వే నాటికి రెండు రాష్ట్రాల్లోనూ నూటికి 96-97 కాన్పులు ఆసుపత్రుల్లోనే. మా పెద్దమ్మ లాంటి వాళ్ళు ఎందరో బతికారు. అదే సర్వేలో తెలంగాణలో నూటికి 60 దాటి సిజేరియన్లు! అది ఇంకో రోజు మాట్లాడుకోవాల్సిన సంగతి.

మా ఇంట్లో ఏర్పాట్లు సాగుతున్నాయి. పాత తువ్వాళ్ళు, ప్లాస్టిక్ షీట్లు, టార్చిలైటు, ఆసుపత్రికెళ్ళాల్సొస్తే సర్దిన సంచీ. మిడ్‌వైఫ్ ఇల్లు చూడ్డానికి వచ్చినపుడు అమ్మ పక్కనే నిలబడి, నన్ను తర్జుమా చెయ్యమని వరసగా అడిగింది. రక్తం ఆపే ఇంజెక్షన్ నీ సంచీలో ఉంటుందా? ఉంటుంది. మాయ ఎంతసేపటికి రాకపోతే బండి పిలుస్తావు? చెప్పింది. ఆ రోజు మీ దగ్గర మనుషులు లేకపోతే? అప్పుడు ఆసుపత్రికే రావాలి, అది ముందే ఫోనులో చెప్తాం. ఇక్కణ్ణుంచి ఆసుపత్రికి ఎంతసేపు? రాత్రయితే పదకొండు నిమిషాలు.

"మధ్యలో ఏరేమైనా ఉందా?" అంది అమ్మ. లేదన్నాను. "సరే అయితే, పాత దుప్పట్లు ఎక్కడున్నాయో చూపించు" అని మా ఆవిణ్ణి తీసుకుని మేడ మీదికెళ్ళింది.