గొట్టం ఇరుకయ్యే చోటు

1943లో హాలెండులో డాక్టరు కోల్ఫ్ కృత్రిమ మూత్రపిండాన్ని రోగికి వాడాడు. యంత్రం సిద్ధమే, దానికి రక్తం అందించడమే చిక్కు. శుద్ధి చేసిన ప్రతిసారీ రక్తనాళాన్ని కోయవలసి వచ్చేది. నాళాలు అయిపోతే రోగికి ఆయువు తీరినట్లే! 1960లో సియాటిల్‌లో స్క్రిబ్నర్ టెఫ్లాన్ గొట్టాలను చేతిలో నిలిపి ఉంచాడు. 1966లో న్యూయార్కు వైద్యులు మణికట్టువద్ద ధమనిని సిరకే కలిపే పద్ధతిని ప్రకటించారు. సిరలు మరీ సన్ననివైతే? 1970 తరువాతి సంవత్సరాలలో, రెంటి నడుమ కృత్రిమ గొట్టం అతికించసాగారు.

ఆ గొట్టం సిరను కలిసే చోటే తంటా. సిర గోడ పలుచన; మెల్లని ప్రవాహానికి అలవాటుపడినది. ధమనీరక్తం ఉరవడిగా వచ్చి తాకగా, అతుకువద్ద కండరకణాలు పెరిగి లోపలివైపు పేరుకొంటాయి. దారి ఇరుకవుతుంది, రక్తం గడ్డకడుతుంది. బుడగతో ఆ చోటును వెడల్పు చేయవచ్చును గాని, కొద్ది నెలలకే కణాలు మరల పెరగడం కద్దు.